సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ కొనేముందు ఎర్త్ చూడండి

ఎండాకాలం వచ్చిందంటే అనంతపురంలో బ్యాటరీ షాపులకు మంచి గిరాకీ. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గే మాట నిజమే, అందులో షాపువాళ్ళ తప్పేమీ లేదు. అయితే పొద్దున తాళం తిప్పగానే బండి 'టక్' మని ఊరుకుంటే నేరుగా బ్యాటరీ మార్చేయడం, దానికీ లొంగకపోతే సెల్ఫ్ మోటారు విప్పించడం మన దగ్గర అలవాటైపోయింది. రెండూ వేలల్లో ఖర్చు. ఆ రెండింటినీ కలిపే వైర్లను, బోల్టులను, ముఖ్యంగా ఎర్త్ దారిని, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. తేడా అక్కడుందేమో ఇంటి ముందే తేల్చుకోవచ్చు. పాతూరు ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందలకు దొరికే, వోల్టులు కొలిచే చిన్న డిజిటల్ మల్టీమీటరు ఉంటే చాలు.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల మామూలు పెట్రోలు, డీజిలు కార్ల గురించి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు తొడుగున్న వైర్ల జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ముందు శబ్దం వినండి

తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టే సగం సంగతి తెలిసిపోతుంది. టకటకటకమని వరసగా కొట్టుకుంటూ, డాష్‌బోర్డు లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటే బ్యాటరీలో చార్జి లేదు, లేదా టెర్మినల్ దగ్గర లూజ్ కాంటాక్ట్. గట్టిగా ఒకే ఒక్క 'టక్' వచ్చి ఆగిపోతే సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు లావు వైరు కరెంటును కలిపే అయస్కాంతపు స్విచ్చు) కదిలింది గానీ మోటారు తిరగలేదు. అసలు చప్పుడే లేకపోతే తాళం నుంచి సెల్ఫ్‌కు వెళ్ళే సన్న వైరు దారిని అనుమానించాలి. ఇంజను మూలుగుతూ, బరువుగా తిరుగుతుంటే లావు వైర్ల దారిలో ఎక్కడో వోల్టులు కారిపోతూ ఉండొచ్చు. సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతున్నా బండి అందుకోవడం లేదంటే అది పెట్రోలు సమస్యో, స్పార్క్ సమస్యో. దానికి ఈ పద్ధతి పనికిరాదు.

ఇప్పుడు హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మందగిస్తే బ్యాటరీ గానీ, దాని టెర్మినళ్ళు గానీ బలహీనం. లైట్లు ధగధగ వెలుగుతూనే ఉండి సెల్ఫ్ మాత్రం కదలకపోతే బ్యాటరీ మీద నింద వేయకండి. హెడ్‌లైట్ల ఎర్త్ బాడీకి ఉంటుంది. సెల్ఫ్ ఎర్త్ ఇంజను ద్వారా వెళ్తుంది. ఇంజను ఎర్త్ చెడినా లైట్లకు ఏమీ కాదు.

ఇంజనుకు విడిగా ఎర్త్ ఎందుకు

కారు బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది కదా, ఇంజను కూడా ఆ బాడీలోనే ఉంది కదా అని చాలామంది అనుకుంటారు. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరు గుండా కరెంటు పోదు. అందుకే ఇంజను నుంచో గేర్‌బాక్సు నుంచో బాడీకి, లేదా నేరుగా బ్యాటరీ మైనస్‌కు ఒక లావు వైరు గానీ, రాగి తీగలతో అల్లిన పట్టీ గానీ వేస్తారు. సెల్ఫ్ మోటారుకు చాలా బండ్లలో ప్రత్యేకంగా మైనస్ వైరు ఉండదు. దాని ఒళ్ళే మైనస్. ప్లస్ వైరులో ఎంత కరెంటు వస్తుందో అంతా ఈ పట్టీ మీదుగానే తిరిగి వెళ్ళాలి.

ఆ కరెంటు తక్కువేమీ కాదు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది. డీజిలైతే అంతకన్నా బాగా ఎక్కువ. దారిలో ఒక తుప్పు పట్టిన బోల్టు దగ్గర కరెంటుకు 0.01 ఓము అడ్డం (అడ్డాన్ని ఓముల్లో కొలుస్తారు) ఉందనుకోండి. 150 ఆంపియర్లకు అక్కడే 1.5 వోల్టులు పోతాయి. బ్యాటరీ కొత్తదైనా మోటారుకు అందేది మిగిలిందే.

ఇక్కడే చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా బోల్తా పడతారు. వైరు రెండు చివర్లా మీటరు పెట్టి, 'బీప్' వచ్చింది కాబట్టి వైరు బాగుందంటారు. వందల తీగల్లో ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది. ఒక్క పోగు మిగిలిన పగ్గంతో మేకపిల్లను కట్టేయొచ్చు గానీ ఎద్దును కట్టేయలేం. 0.01 ఓము లాంటి చిన్న అడ్డాన్ని మామూలు మీటరు సరిగ్గా చూపించలేదు కూడా. అందుకని ఓముల్లో కొలవొద్దు. సెల్ఫ్ తిరుగుతుండగా, అంటే అసలు బరువు మీద పడినప్పుడు, ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవాలి. దీన్నే వోల్టేజ్ డ్రాప్ చూడటం అంటారు.

కొలిచే ముందు

గేరు న్యూట్రల్‌లో పెట్టండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రానికి రెండు వైపులా నాపరాయి ముక్కలు పెట్టండి. తాళం తిప్పడానికి ఇంకొక మనిషి కావాలి. ఆ మనిషి మీరు చెప్పకుండా తాళం ముట్టుకోకూడదని ముందే గట్టిగా చెప్పండి. చేతికి ఉంగరం, కడియం, ఇనుప స్ట్రాప్ వాచీ ఉంటే తీసేయండి. ప్లస్ బోల్టుకూ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో వేలు కాలిపోతుంది. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు వద్దు. చార్జి అయ్యేటప్పుడు వచ్చే వాయువు అంటుకుంటుంది.

పెట్రోలు బండిలో ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేస్తే ఇంజను స్టార్ట్ కాకుండా సెల్ఫ్ మాత్రం తిరుగుతుంది. డీజిల్లో స్టార్ట్ అయిపోతే కంగారు పడనక్కర్లేదు, ఆపేసి మళ్ళీ కొట్టండి. కావలసింది రెండు మూడు సెకన్ల రీడింగే. ఒక్కసారికి ఐదారు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి, లేకపోతే మంచి సెల్ఫ్ కూడా కాలిపోతుంది.

మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఎర్ర వైరు వోల్టుల గుంతలోనే ఉండాలి, 10 ఆంపియర్ల గుంతలో కాదు. సెల్ఫ్ కరెంటును ఈ మీటరుతో నేరుగా కొలవాలని చూస్తే మీటరు బూడిదే. మీటరు కొసలకు మొసలి క్లిప్పులు పెట్టుకుంటే మేలు. క్లిప్పులు తగిలించి, చేతులు, వైర్లు ఫ్యాను బెల్టుకు దూరంగా జరిపి, ఆ తర్వాతే 'కొట్టు' అనాలి.

మొదటి కొలత: బ్యాటరీ

రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక, పొద్దున్నే బ్యాటరీ మీద కొలవండి. 12.6 గానీ ఆ పైన గానీ ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 దగ్గర ఉంటే ముందు చార్జి పెట్టించండి. ఖాళీ బ్యాటరీతో చేసిన ఏ పరీక్షా నిలబడదు.

తర్వాత సెల్ఫ్ కొడుతుండగా చూడండి. మీటరు కొసలు వైర్ల చివర బిగించే క్లాంపుల మీద కాకుండా, మధ్యలో ఉండే సీసపు దిమ్మల మీదే పెట్టాలి. చార్జి నిండుగా ఉండి కూడా 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టు, లేదా మోటారు పట్టేసి విపరీతంగా లాగుతున్నట్టు. 10, 10.5 దగ్గర నిలబడి ఇంజను చురుగ్గా తిరిగితే అంతా బాగున్నట్టే. అసలు తమాషా ఇంకొకటుంది. ఇంజను బరువుగా తిరుగుతూ ఉండి, బ్యాటరీ మాత్రం 11 పైనే ఉందనుకోండి. బ్యాటరీకి కష్టమే లేదు. కరెంటును దారిలో ఏదో అడ్డుకుంటోంది, అందుకే బ్యాటరీ మీద బరువు పడటం లేదు.

రెండో కొలత: ఎర్త్ దారి

ఎర్ర కొసను ఇంజను మీద రంగు, గ్రీజు లేని గట్టి లోహపు భాగానికి పెట్టండి. సెల్ఫ్ మోటారు ఒళ్ళు అందితే ఇంకా మంచిది. నల్ల కొస బ్యాటరీ మైనస్ దిమ్మకు. సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. 0.3 వస్తే ఓసారి శుభ్రం చేస్తే మంచిది. 0.5 దాటితే దొంగ దొరికినట్టే, ఇక వాడు ఎక్కడున్నాడో చూడాలి.

దారిని ముక్కలు చేసి చూడండి. మైనస్ దిమ్మకూ దాని క్లాంపుకూ మధ్య ఒకసారి, క్లాంపుకూ వైరు చివర బాడీకి బిగించిన బోల్టుకూ మధ్య ఒకసారి, ఆ బోల్టుకూ పక్కన ఉన్న బాడీ రేకుకూ మధ్య ఒకసారి, బాడీకీ ఇంజనుకూ మధ్య ఒకసారి. ఒక్కో జాయింటు దగ్గర 0.1 కంటే ఎక్కువ ఉండకూడదు. ఎక్కువ కనిపించిన చోటే పని.

మా వీధిలో ఒక పెద్దాయన కారు ఇలాగే మొరాయించింది. మెకానిక్ సెల్ఫ్ మార్చాలన్నాడట. "బ్యాటరీ కొత్తది కదప్పా, ఇంక సెల్ఫే అయ్యుంటాది" అని ఆయనా డబ్బులు సిద్ధం చేసుకున్నాడు. మీటరు పెడితే బ్యాటరీ 12.5. సెల్ఫ్ కొడితే 11.3 కంటే దిగలేదు, ఇంజను మాత్రం ఏడుస్తూ తిరుగుతోంది. ఇంజనుకూ మైనస్ దిమ్మకూ మధ్య 2.1 వోల్టులు! బాడీకీ మైనస్ దిమ్మకూ మధ్య చూస్తే 0.08 మాత్రమే. అంటే పోయేదంతా బాడీకీ ఇంజనుకూ మధ్యే. కిందికి వంగి టార్చి వేస్తే అల్లిన పట్టీ కొత్తదానిలా ఉంది, బోల్టు బిగువుగానే ఉంది. విప్పితే తెలిసింది. ముందు రోజుల్లో డెంటింగ్ పెయింటింగ్ చేయించినప్పుడు బాడీకి కొట్టిన రంగు మీదే పట్టీని తెచ్చి బిగించేశారు. కరెంటంతా బోల్టు మరల అంచుల మీదుగా ఎలాగో దూరుతోంది. రంగు గీకి బిగిస్తే 2.1 కాస్తా 0.12కు వచ్చింది. బ్యాటరీ ఇప్పుడు 10.4కు దిగింది, అది మంచి సూచనే. మోటారు తనకు కావలసిన కరెంటు మొత్తం తీసుకుంటోందన్నమాట.

మీటరు లేకుండా దారి మధ్యలో ఇరుక్కుపోతే, గుత్తి దగ్గర జాతీయ రహదారి మీద ఆగిపోయారనుకోండి, ఏదో లారీ అన్న దగ్గర జంపర్ కేబుల్ దొరికితే చాలు. ఒక చివర బ్యాటరీ మైనస్‌కు, రెండో చివర ఇంజను మీద శుభ్రమైన లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఇంజను చురుగ్గా తిరిగిందంటే చెడింది ఎర్తే. ఇంకో గుర్తు కూడా ఉంది. ఇంజను ఎర్త్ బాగా చెడితే కరెంటు దొడ్డిదారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో, గేరు కేబులో వేడెక్కుతుంది. ఊరికే కేబుళ్ళు కాలిపోతున్నాయంటే కేబుల్ కంపెనీని తిట్టకుండా ఎర్త్ పట్టీ చూడండి.

మూడో కొలత: ప్లస్ దారి

ఎర్ర కొస బ్యాటరీ ప్లస్ దిమ్మకు, నల్ల కొస సెల్ఫ్ మీద లావు వైరు బిగించిన బోల్టుకు. సెల్ఫ్ తిరుగుతుండగా 0.5 లోపు ఉండాలి, 0.3 లోపైతే ఇంకా మంచిది. ఆ బోల్టుకూ, సోలినాయిడ్ నుంచి మోటారులోకి దిగే రెండో బోల్టుకూ మధ్య కూడా చూడండి. ఇక్కడ సెల్ఫ్ కొట్టనప్పుడు 12 చూపిస్తుంది, భయపడకండి. కొట్టినప్పుడు 0.3 లోపుకు దిగాలి. దిగకపోతే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయాయి.

శుభ్రం చేయడం

ముందు మైనస్ క్లాంపు విప్పండి, ఆ తర్వాతే ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలినా, మైనస్ తీసేసి ఉంటే నిప్పురవ్వ రాదు. కొన్ని కొత్త బండ్లలో మైనస్ క్లాంపు మీద చిన్న సెన్సారు ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవరుతో ఎత్తి పీకొద్దు. బ్యాటరీ తీస్తే గడియారం, పవర్ విండో సెట్టింగు పోవచ్చు, అది మామూలే.

దిమ్మల మీద తెల్లగా, పచ్చగా పూసిన పొడిని వేడినీళ్ళలో కలిపిన తినే సోడాతో కడిగి, తుడిచి ఆరబెట్టండి. తర్వాత దిమ్మ, క్లాంపు లోపలి భాగం రెండూ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. బాడీ బోల్టు దగ్గర కూడా అంతే. వైరు చివరి లగ్గు (బోల్టుకు తగిలించే లోహపు కొస), దాని కింది రేకు రెండూ రంగు, తుప్పు లేకుండా పచ్చి లోహం కనిపించాలి. పళ్ళ వాషరు ఉంటే మళ్ళీ దాన్నే వేయండి. బిగించాక పైన వాజలిన్ పూయండి. క్లాంపు వదులుగా ఉందని సందులో మేకు దిగ్గొట్టడం, డబ్బా రేకు ముక్క దూర్చడం మనవాళ్ళకు వచ్చిన విద్య. దిమ్మ పగిలితే బ్యాటరీయే పోతుంది, క్లాంపు కొత్తది వేసుకోండి. ప్లస్ దిమ్మ మైనస్ కంటే కాస్త లావుగా ఉంటుంది, కాబట్టి క్లాంపులు ఒకదాని బదులు ఇంకొకటి సరిపోవు.

ఇంకో మాట. బోరు నీళ్ళతో బానెట్ లోపల కడగడం మానేయండి. మన జిల్లా బోరు నీళ్ళలో ఉప్పులెంత ఉంటాయో బకెట్టుకు పట్టిన తెల్ల పొర చూస్తేనే తెలుస్తుంది. ఆ పొరే ఎర్త్ బోల్టు కింద కూడా చేరుతుంది.

వైరే పాడైతే పాతదానికంటే సన్నది వేయొద్దు. కొందరు ఇంట్లో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరింగు తీగతో అదనపు ఎర్త్ లాగుతారు. ఆ రాగి తీగకు మీటరు పొడవుకు సుమారు 0.007 ఓము. 150 ఆంపియర్లకు మీటరుకే ఒక వోల్టు పోతుంది, తీగ కాలుతుంది. 25 చదరపు మిల్లీమీటర్ల బ్యాటరీ కేబులైతే అదే పొడవుకు పోయేది 0.1 వోల్టే. లగ్గును సరైన క్రింపింగు పరికరంతో నొక్కించండి. సుత్తితో కొట్టి చదును చేసిన లగ్గు ఆరు నెలలకు మళ్ళీ మొదటికొస్తుంది.

చప్పుడే లేనప్పుడు

సన్న వైరు దారి ఇదీ: తాళం, క్లచ్ స్విచ్చు లేదా ఆటోమేటిక్‌లో గేరు స్విచ్చు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), అక్కడి నుంచి సోలినాయిడ్. ముందు క్లచ్ పూర్తిగా తొక్కి చూడండి, కింద మ్యాటు అడ్డం పడిందేమో కూడా చూడండి. నవ్వులాట కాదు, చాలాసార్లు అదే. డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకు మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజరు (సరైన తాళాన్ని గుర్తుపట్టకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) సంగతి, రెండో తాళంతో ప్రయత్నించండి.

ఫ్యూజు బాగుంటే స్టార్టర్ రిలేను తీసి, పక్కనే ఉన్న హారన్ రిలే మీద అదే నంబరు ఉంటే రెండూ మార్చి చూడండి. అప్పటికీ లేకపోతే సోలినాయిడ్ సన్న వైరు దగ్గర, తాళం తిప్పి ఉంచగా, బ్యాటరీ మైనస్‌కు కొలవండి. బ్యాటరీ మీద చూపించేదానికంటే ఒక వోల్టు కూడా తక్కువ ఉండకూడదు. సరిగ్గా వస్తున్నా సోలినాయిడ్ కదలకపోతే, ఎర్త్ కొలత ముందే బాగుందని తేలి ఉంటే, తప్పు సోలినాయిడ్‌దే. అసలు రాకపోతే దారిలో తెగింది. వేపచెట్టు కింద వారాల తరబడి ఆపిన బండైతే ఎలుక పళ్ళ గుర్తులు వెతకండి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి కావచ్చు, వాటిని ముట్టుకోవద్దు.

వేడిగా ఉంటే మొరాయిస్తే

తాడిపత్రి నుంచి మిట్టమధ్యాహ్నం వచ్చి పెట్రోలు బంకులో ఆపితే సెల్ఫ్ తీసుకోదు, గంట ఆగితే తీసుకుంటుంది. ఇది చాలామంది చెప్పే మాటే. వేడికి రాగి అడ్డం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున. ఇంజను పక్కనే ఉన్న సోలినాయిడ్ చుట్ట, కేబుళ్ళు 70 డిగ్రీలు పెరిగితే పాతిక శాతానికి పైగానే ఎక్కువవుతుంది. చల్లగా ఉన్నప్పుడు అంచు మీద నెట్టుకొస్తున్న ఎర్త్ అప్పుడు చేతులెత్తేస్తుంది. కాబట్టి కొలతలన్నీ పొద్దున చల్లగా ఉన్నప్పుడే కాకుండా, మొరాయించిన ఆ వేడిలోనే ఇంకోసారి తీయండి. ఎగ్జాస్ట్ పైపుకు చెయ్యి తగలకుండా చూసుకోండి.

పని అయ్యాక ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద కొలవండి. చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు కూడా ఇంజను ఎర్త్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, ఎర్త్ చెడిన బండిలో బ్యాటరీ ఎప్పుడూ అరకొర చార్జితోనే బతుకుతూ ఉంటుంది.

ఎర్త్ 0.2 లోపు, ప్లస్ 0.5 లోపు, బ్యాటరీ నిండుగా. అయినా ఇంజను మూలుగుతోందంటే ఇక సెల్ఫ్ విప్పాల్సిందే, లోపల కార్బన్ బ్రష్షులో, బుష్షులో అరిగి ఉంటాయి. సెల్ఫ్ షాపుకు వెళ్ళేటప్పుడు ఈ రీడింగులు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, బ్రష్షులతో పోయేదానికి మొత్తం మోటారు మార్చాలని ఎవరైనా అంటే అడగడానికి మీ దగ్గర లెక్క ఉంటుంది. విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీయించడం మరిచిపోవద్దు. సెల్ఫ్‌కు వచ్చే లావు వైరు తాళం ఆఫ్‌లో ఉన్నా ఎప్పుడూ కరెంటుతోనే ఉంటుంది, చాలా బండ్లలో దానికి మధ్యలో ఫ్యూజు కూడా ఉండదు.